పేరు రాయవలసిన గడి

ఒంటి గంటకి తలుపు దగ్గరగా వేసి గుమాస్తా భోజనానికి వెళ్లిపోయాడు. రెండింటికి వస్తాడు. ఈలోగా కాయితం నింపి ఉంచుకోమన్నాడు. నింపడం అన్న మాట ఆయన నోట్లోంచి, బోరింగు దగ్గర బిందె నింపుకోమన్నంత తేలిగ్గా వచ్చింది. మండలాఫీసు వరండాలో బెంచీ చివర కూచున్న మరిడమ్మ ఒళ్లో అట్ట, అట్ట మీద కాయితం, కాయితం మీద పెన్ను, పెన్ను మీద బొటనవేలు. ఆ బొటనవేలికి పెన్నంటే ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్లూ ఆ ఇంటి తరఫున సర్కారుతో మాట్లాడింది అదే. బియ్యం కార్డుకి అదే, ఇంటి పట్టాకి అదే, సంఘం తీర్మానాలకీ అదే. నీలం సిరా పూసుకుని వెళ్లి ఒత్తి వచ్చేది. ఏం ఒప్పుకుని వచ్చిందో దానికీ తెలీదు, దాని యజమానురాలికీ తెలీదు. ఏడాదిన్నర నించి చూపుడువేలూ మధ్యవేలూ వచ్చి పక్కన చేరాయి, ముగ్గురూ కలిసి పెన్ను పట్టాలి. ఒంటరి పెత్తనం చేసిన అత్త దగ్గరికి ఇద్దరు కోడళ్లు ఒక్కసారే వచ్చినట్టుంది దానికి. ఇప్పటికీ కొంచెం ఎడంగానే ఉంటుంది.

కాయితంలో తొమ్మిది గళ్లున్నాయి, ఏడు నిండాయి. తన పేరు, ఊరు, తేదీ, ఏ పడవ, ఎంత మంది వెళ్లారు, ఎవరు తిరిగి వచ్చారు, ఫిర్యాదు ఇచ్చింది ఎవరు. ఒక్కో మాటా రాసేటప్పుడు నాలిక కొస పెదాల మధ్యకి వచ్చేది, రాయడం అయ్యాక లోపలికి పోయేది. మిగిలినవి రెండు. ఇదివరకు నమోదైన పేరు అని ఒకటి. ఉండవలసిన పేరు అని ఇంకోటి. రెండు గళ్లూ ఒకదాని కింద ఒకటి, చీపురుపల్లి సంతలో చేపల బుట్టల్లా పక్కకి జరక్కుండా కూచున్నాయి. పక్కన కోడలు గౌరి సెల్లు చూసుకుంటున్నట్టు కూచుంది గాని చూపు అత్త చేతి మీదే ఉంది. గౌరి మరిడమ్మకి అన్న కూతురు, ఇంటరు దాకా చదివింది, ఊళ్లో పెద్దవాళ్ల బడికి పంతులమ్మ. బల్ల దగ్గర కూచున్న పిల్ల తప్పు రాస్తుందేమోనని కాపు కాసే చూపు అది. అత్తలకి కోడళ్ల వైపు నించి రావలసిన చూపు కాదు. అలవాటైపోయింది.

పైన పంకా తిరుగుతోంది. ఒక రెక్క వంగినట్టుంది, తిరిగినప్పుడల్లా టక్కుమంటుంది. ఆ టక్కు ఎక్కడో విన్నదే. పడవలో ఇంజను ఆపాక, చుక్కాని కర్ర పక్కచెక్కకి తగిలే చప్పుడు. ఒకసారి, పెళ్లైన కొత్తలో, చూద్దువు గాని రమ్మని ఒడ్డు దాటించి తీసికెళ్లాడాయన. ఆడది పడవెక్కితే వలకి దోషమని ముసలాళ్లు అరిచారు. వల తేలేదుగా, పెళ్లాన్నే తెచ్చాను, అన్నాడు. కెరటాలు విరిగే చోటు దాటాక నీళ్లు నల్లగా, చదునుగా, మాట్లాడకుండా ఉన్నాయి. అక్కణ్నించి ఊరు ఒక గీతలా కనిపించింది. ఆ గీతలో తాటిచెట్టు ఇదీ, లైటు స్తంభం అదీ, రెండూ ఒకదాని వెనక ఒకటి వస్తే మన వాకిలికి ఎదురుగా ఉన్నట్టు, అని చూపించాడు. ఆయనకీ ఒక్క అక్షరం రాదు. ఒడ్డుని చదివేవాడు. తాటిచెట్టు తుపానుకి పడిపోయింది, ఆయన పోకముందే. అందుకని తిరిగి రాలేకపోయాడేమో అని ఒకటి రెండేళ్లు అనుకుంది, ఆ తర్వాత అనుకోవడం మానేసింది, మళ్లీ ఇప్పుడు అనుకుంటోంది, టక్, టక్.

ఆయన అంటే ఆయనే. ఇదుగో, ఓలయ్యా, నాగబాబు నాయన. పిలవడానికి ఇన్ని మాటలున్నప్పుడు పేరెందుకు. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు ఒక గింజ రాలుతుందని అమ్మ చెప్పింది, అమ్మకి వాళ్లమ్మ చెప్పింది, నడిచిపోయింది. మొగుడి పేరే కాదు, మావ పేరూ పలకకూడదు, బావ పేరూ పలకకూడదు. వాళ్ల వీధిలో ఇళ్లన్నీ అన్నదమ్ములవి, అంచేత వీధి ఆడవాళ్లందరికీ ఆయన పేరు ఏదో ఒక వరసన నిషిద్ధం. ఎవరో ఒకరు పలకకపోతే పనెలా జరుగుతుందని ఎవరూ అనుకోలేదు. మగాళ్లుండేవాళ్లు, వాళ్లే పలికేవాళ్లు. ఆ ఒక్కరోజు మగాళ్లు లేరు. కార్తీకంలో, వాయుగుండం తేలిపోయిందని రేడియో చెప్పిన మర్నాడు, ఆయనా, జతగా వేటకెళ్లే శివాజీ కలిసి ఫైబరు పడవ దింపారు. రెండో రోజు శివాజీని ఒడియావాళ్ల పడవ ఒకటి ఎత్తుకుని ఒడ్డుకి చేర్చింది. కెరటం తిప్పేసింది, పడవ బోర్లా పడింది, వీపు మీద ఇద్దరం పట్టుకున్నాం, తెల్లారి చూస్తే నేనొక్కణ్నే ఉన్నాను, అన్నాడు. అంతకంటే శివాజీ ఏమీ చెప్పలేదు, ఇప్పటికీ చెప్పడు, కనబడితే తల దించుకుని పోతాడు, బతికి రావడం తన తప్పైనట్టు. శివాజీని ఆస్పత్రిలో చేర్చాక, ఊళ్లో నడవగలిగిన మగాడల్లా, పద్దెనిమిదేళ్ల నాగబాబుతో సహా, పడవలేసుకుని వెతకడానికి పోయాడు. అప్పుడు వచ్చాడు ఫిర్యాదు రాసుకునే మనిషి, అట్ట పట్టుకుని, ఇసకలో బూట్లు దిగబడుతుంటే.

మనిషి పేరేంటమ్మా అన్నాడు. మరిడమ్మ ఏడుస్తోంది. ఏడుపులో ఆ ప్రశ్న విన్నది, బాగానే విన్నది. ఎక్కడో నీళ్ల మీద ఒక మనిషి చెక్క పట్టుకుని ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉన్నాడేమో, ఆ టైములో ఇక్కడ ఇంత మంది ముందు పేరు పలికి ఒక గింజ రాల్చమంటాడేమిటి ఈ మనిషి. నాగబాబు నాయన, అంది. తోడికోడలు బుల్లమ్మ కూడా, మా నాగబాబు వాళ్ల నాయనండీ, అంది. పిల్లల్ని అడిగితే పెదనాన్న అన్నారు. ఊళ్లో మిగిలిన ఒక్క మగాడు, ముసలి గంగరాజు, చెవులు వినబడక, ఏం అడిగినా తన పింఛను గురించే చెప్పాడు. ఆ వాకిట్లో ఆ రోజు అందరి నోటా వచ్చిన పేరు ఒక్కటే. అతను ఇంకో రెండు ఊళ్లు తిరగాలి, చీకటి పడిపోతోంది, ఆ ఒక్క పేరూ రాసుకున్నాడు. ఆమె వేలు పట్టుకుని సిరా అద్ది ఒత్తించాడు. నకలు ఆమె చేతిలో పెట్టాడు. ఆ నకలు ట్రంకుపెట్టె అడుగున, ఆయన చొక్కాలో చుట్టి ఏడేళ్లుంది. నాగబాబు ముట్టుకోలేదు, ఆ చొక్కాని ఎవరూ ముట్టుకోరు. ఆఫీసుల్లో రెండుసార్లు, వివరాలు కలవడం లేదమ్మా, అన్నారు. ఆఫీసుల్లో వివరాలు కలవకపోవడం, సముద్రంలో నీళ్లు ఉప్పగా ఉండడం లాంటిదే అనుకుని తిరిగి వచ్చేశారు.

పడవ మాత్రం దొరికింది. ఒడిషాలో గోపాలపురం అవతల ఎక్కడో ఒడ్డుకి కొట్టుకొస్తే లారీ మీద తెచ్చారు. ఇంటి వెనక ఇసకలో బోర్లా పడుకుని ఉంది, దాని కింద మేకలు ఈనాయి, పిల్లలు దాక్కున్నారు. బడిలో గ నేర్పినప్పుడు, బోర్లించిన పడవలా ఉంటాది సూడత్తా, అంది గౌరి. గ, గ, గ. పలక నిండా పడవలు. ఆ పడవ నంబరు ఆయన పేరు మీద ఉంది, ఆయన పోయినట్టు కాయితం ఉంటేనే కొడుకు పేరుకి మారుతుంది. మారితే నాగబాబు దానికి పూత వేయించి, ఇంజను బిగించి, ఇక్కడే దింపుకుంటాడు. మారకపోతే గుజరాతులో వెరావలు. ఎల్లుండి విజయనగరంలో బండి. ఊళ్లో పదకొండు మంది పోతున్నారు, పోతే తొమ్మిది నెలలు, ఎవరి పడవో, ఎవరి భాషో, ఏ దేశం అంచు దాకానో. నాగబాబు సంచీ సర్దుకున్నాడు. సంచీలో తండ్రి రగ్గు పెట్టుకోవడం చూసింది. చూసి, పొయ్యి దగ్గరికి వెళ్లి, అన్నం వార్చి, ఒక్క వారం ఆగరా, నాను ఆపీసుకి ఎల్లొస్తాను, అంది. ఆ వారంలో నాలుగు రోజులు వానలకి, ఆషాఢానికి పోయాయి. ఇప్పుడు బయట టీ బడ్డీ దగ్గర కూచుని ఉన్నాడు, లోపలికి రావద్దంది. ఎందుకంటే ఏం చెప్తుంది.

రాత్రిబడి మొదటిసారి ఊరికి వచ్చినప్పుడు ఆమె కొత్తకోడలు. లాంతర్లూ పలకలూ జీపులో వచ్చాయి. నాలుగు రోజులు వెళ్లింది. చేపలు సదువుకుంటాయేటి, నువ్వు సదివి వాటికి సెప్పాలా, అన్నాడాయన నవ్వుతూ. ఐదో రోజు అత్త ఆ పలక తీసి పులుసు దాకకి మూత పెట్టింది. మంచి పలక, ముప్పయ్యేళ్లు మూతగా పనిచేసింది, నెత్తళ్ల పులుసు ఆవిరికి నల్లగా నిగనిగలాడింది. గౌరి కోడలిగా వచ్చి, పెద్దోళ్ల బడి పెడుతున్నాను, నువ్వు రాకపోతే ఊళ్లో ఇంకెవరొస్తారత్తా, అన్నప్పుడు మరిడమ్మ ఆ మూతే కడిగి పట్టుకెళ్లింది. మొదటి వారం బడంతా పులుసు వాసన. హాజరు పిలవడం ఇంకో గొడవ. పంతులమ్మ అత్త పేరు పిలవకూడదు. ఆడబడుచు పేరు పిలవకూడదు. మగాళ్లలో ఇద్దరు మావలు, ఒక బావ. రిజిస్టరు ఎదురుగా పెట్టుకుని, అత్తా ఉన్నావు కదా, వొదినా ఉన్నావు, గోడ దగ్గర మావ ఉన్నాడు, అని టిక్కులు పెట్టుకుపోయేది. తనిఖీకి వచ్చినాయన ఒకసారి అది చూసి, ఇది బడా, పేరంటమా, అని అడిగాడు.

ఏం మారిందంటే చెప్పడం కష్టం. ఎండుచేపల బుట్టతో ఆమదాలవలసలో బండెక్కి ఇరవయ్యేళ్లు చీపురుపల్లి సంతకి వెళ్లింది. దూసి, పొందూరు, సిగడాం, ఎక్కడ ఏ వాసనొస్తుంది, ఎక్కడ ఏ వంతెన మోగుతుంది, అన్నీ చెవిలో రాసుకుంది. కిటికీ పక్కన కూచోలేదు ఎప్పుడూ, అవసరం లేక. ఒక రోజు పసుపు బోర్డు మీద చీ అని కనబడింది. చీ. తర్వాత పు. రు. బండి ఆగేలోపల పల్లి కూడా వచ్చేసింది. ఊరు అక్కడే ఉంది, సంత అక్కడే ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె మాత్రం బుట్ట దించుకోవడం మరిచిపోయి గరివిడి దాకా వెళ్లిపోయింది. వెనక్కి రావడానికి ఆటో ఎక్కిన సంగతి ఇంట్లో చెప్పలేదు. సెల్లులో ఫోటోలు చూసి మనుషుల్ని పోల్చుకునేది, ఇప్పుడు పేర్లు చదువుతుంది. చదవడం వచ్చాక చదవకుండా ఉండడం చేతకాదని తెలిసింది. గోడమీద ఏదుంటే అది వచ్చి కళ్లలో పడుతుంది. ఇక్కడ కూడా, ఈ గోడ మీద, ఉమ్మివేయరాదు. ఉమ్మివేయరాదు కింద ఎవరో ఉమ్మివేశారు. వాళ్లు బడికి వెళ్లలేదు కాబోలు.

"ఏటమ్మా, ఇంకా అవ్వనేదా? ఇలాగ ఇయ్యి, రెండు నిమిసాల్లో రాసి పడేస్తాను." అర్జీలు రాసే జగన్నాధం, వరండా మెట్ల మీద గొడుగు కింద చిన్న బల్ల వేసుకుని కూచుంటాడు. గంట నించి ఈ బేరం కోసం చూస్తున్నాడు.

"నాకు వొచ్చు బావు రాత."

"వొస్తే మంచిదే. ఊరంతా రాతగాళ్లైపోతే మరి నా పొయ్యి మీద పిల్లి పడుకుంటాది. ఆ రెండు గళ్లూ ఎందుకొదిలేసినావు? పేరే కదా. సెప్పు, నాను రాస్తాను."

"సెప్పనేనే."

"మరింకేటి రాస్తావు?"

జగన్నాధానికి అక్కడే తెగలేదు. చెప్పలేనిది రాయడం ఎలా అని ఆయన మెట్లు దిగుతూ కూడా తల ఊపుకున్నాడు. మరిడమ్మకి కూడా ఏడాది కిందట తెగేది కాదు. మార్చి నెలలో పెద్దవాళ్లకి పరీక్ష పెట్టారు. హైస్కూల్లో, పిల్లల బల్లల మీద, మోకాళ్లు ఇరుక్కుంటూ ఇరవై రెండు మంది ఆడవాళ్లు. పైన పేరు రాశారు, ఊరు రాశారు. భర్త పేరు అన్న చోట ఇరవై రెండు మందీ ఆగిపోయారు. కాయితాలు తీసుకునే పంతులు చూస్తే ఇరవయ్యొక్క కాయితాల్లో అది ఖాళీ. ఇంత మందికీ ఒక్క మాటే రాకుండా పోయిందేమిటి, ఆ పాఠం చెప్పలేదా, అని గౌరిని అడిగాడు. ఒక్క తవిటమ్మ మాత్రం ఖాళీ వదల్లేదు. డెబ్బై ఏళ్ల మనిషి, ఖాళీ వదిలితే మార్కు పోతుందని ఎవరో చెప్పారు, భర్త పేరు అన్న దానికి ఎదురుగా గుండ్రంగా, ముత్యాల్లాగ, ఉన్నాడు, అని రాసింది. ఊరు ఊరంతా వారం రోజులు నవ్వింది. తవిటమ్మ మొగుడు ఎక్కడ కనబడినా, ఏం మావా ఉన్నావా, అని పలకరించేవాళ్లు. మరిడమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే తన కాయితం గుర్తొచ్చింది. తవిటమ్మ రాసిన ఆ మూడక్షరాలూ తనకీ వచ్చు. లేడు అన్న రెండక్షరాలూ వచ్చు. ఏదీ రాయకుండా ఇచ్చి వచ్చింది.

ఆ తర్వాత వేట నిషేధం రోజులొచ్చాయి. వలలు కట్టేసి ఊరంతా ఇళ్ల దగ్గరే ఉంటుంది. మీ ఇళ్లలో ఏ కాయితం ఉంటే అది తీసి సదవండి, మందుల సీటీ గాని, కరెంటు బిల్లు గాని, అని పంతులమ్మ ఇంటిపని ఇచ్చింది. మధ్యాన్నం ఇంట్లో ఎవరూ లేరు. మరిడమ్మ ట్రంకుపెట్టె తీసింది, చొక్కా మడత విప్పింది. చొక్కాకి ఉప్పు వాసన పోయి నాఫ్తలీను వాసన పట్టింది, అదొక దిగులు. కాయితం మడతల దగ్గర చిరుగుతోంది. పైనుంచి మొదలెట్టింది. త, ప్పి, పో, యి, న. తప్పిపోయిన. దాని దగ్గర కొంచెం సేపు ఆగింది, ఆ మాట ఆ పెద్ద ఆఫీసు కాయితంలో తను చదవగలిగినందుకు, సిగ్గులేకుండా, కొంచెం సంతోషం కూడా కలిగింది. వ్య, క్తి, అది రాలేదు, వదిలేసింది. పేరు. తర్వాత మాట కూడబలుక్కోనక్కర్లేకపోయింది. అది ఆమె బడిలో అన్నిటికంటే ముందు, తన పేరు కంటే ముందు, అడిగి నేర్చుకున్న మాట. బోర్లించిన పడవ మధ్యలో ఉన్న మాట. నాగబాబు.

ముందొక నిమిషం ఆమె మనసుకి ఒక పాడు ఆలోచన వచ్చింది, దాన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అయితే ఆయన పోలేదన్నమాట, అనుకుంది. సర్కారు లెక్కలో ఆయన ఎక్కడా తప్పిపోలేదు. ఏడేళ్లుగా ఎక్కడో ఉన్నట్టే. ఆ నిమిషం గడిచాక, ఆయన చోట్లో ఎవర్ని నిలబెట్టి వచ్చిందో చూసుకుంది. తన వేలిముద్ర కిందనే ఉంది, నీలంగా, గీతలన్నీ స్పష్టంగా, ఈ పేరు గలవాడు సముద్రంలో పోయాడు అని ఒప్పుకుంటూ. కాయితం మళ్లీ చొక్కాలో చుట్టింది. ఆ సాయంత్రం బడిలో, ఏటి సదివినావత్తా, అని గౌరి అడిగితే, కరెంటు బిల్లు, అంది.

"అత్తా, పావుతక్కువ రెండయ్యింది." గౌరి సెల్లు పక్కన పెట్టింది. "నాను రాసీనా?"

"నువ్వు రాయకూడదు."

"రాస్తే పలికినట్టు కాదు కదేటి. మావ పేరే కదా. పై గడిలో ఏటి రాయాల? పాత కాయితంలో ఏటి రాసినారో అదే కదా." అని గౌరి అట్ట కింద ఉన్న నకలు లాక్కుంది. మరిడమ్మ ఆపబోయి ఆపలేదు. తను ఒక మధ్యాన్నమంతా తెడ్డు వేసుకుంటూ వెళ్లిన దూరం గౌరి కళ్లు ఒక్క విసురులో దాటేశాయి. ఆ తర్వాత చాలా సేపు ఆ కళ్లు కాయితం మీంచి పైకి రాలేదు. పంకా టక్కుమంది, టక్కుమంది. రాకపోకలు లేని వరండాలో కుక్క ఒకటి వచ్చి, వాసన చూసి, ఎండుచేపల మనుషులని గుర్తుపట్టి, కాళ్ల దగ్గర పడుకుంది.

"ఇది మీ అబ్బాయి పేరు," అంది గౌరి. మొగుడి పేరు ఆమె కూడా పలకదు.

"ఊఁ."

"నీకెప్పుడు తెలిసినాది?"

"నువ్వు ఇంటిపని ఇచ్చినావు కదా. ఆ రోజు."

"అంటే మూడు నెలలు. నాకు సెప్పకుండ."

"సెప్పడానికి ఏ పేరు పలకాల నాను? ఒకటి పలికితే ఆయుస్సు. ఇంకొకటి పలికితే..." మరిడమ్మ పెన్నుకి మూత పెట్టింది. "నువ్వూ పలకనేవు."

గౌరి నకలు మడిచి ఇచ్చేసింది. ఏడుస్తుందేమో అనుకుంది మరిడమ్మ, ఏడవలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, బయట టీ బడ్డీ వైపు చూస్తూ కూచుంది. బడ్డీ దగ్గర నాగబాబు వీపు కనబడుతోంది, గళ్ల చొక్కా, చేతిలో గ్లాసు, ఎవరితోనో నవ్వుతున్నాడు. మనిషి ఉన్నాడు. కాయితంలో లేడు. ఇంకోచోట మనిషి లేడు, కాయితంలో ఉన్నాడు. ఎల్లుండి బండెక్కి సముద్రం మీదకి పోబోయేవాడి పేరు, సముద్రంలో పోయినవాళ్ల లెక్కలో ఉంచుకుని, ఇంట్లో దీపం ఎలా పెడతాం. అలాగని కింద గడిలో రాసేస్తే... రాసేస్తే ఏమవుతుంది. ఏడేళ్లుగా నోరు కట్టుకుని కాపాడిన మనిషి, తనింకా అన్నం ముద్ద పక్కకి తీసిపెట్టే మనిషి, ఆ గడిలోకి వెళ్లి కూచుంటాడు, ఇక లేవడు. పలకలేదు కాబట్టి బతికున్నాడు అనుకోవడానికి ఇన్నాళ్లూ ఒక సందు ఉంది. సందంటే సందే, గాలి కూడా రాదు. అయినా సందు.

ఆ పేరు అసలు పలకలేదా అంటే, ఒకసారి పలికింది. పెళ్లినాడు. అత్తారింటి గడప దగ్గర ఆడబడుచులు అడ్డంగా చేతులు పట్టుకుని నిలబడ్డారు. పేర్లు చెప్పి లోపలికి రండి, పేరు చెప్పందే గడప దాటనివ్వం. ఆయన టపీమని, నాను, మా మరిడమ్మా వచ్చినాం, అనేశాడు. ఆమెకి నోరు పెగల్లేదు. ఎండ. కాళ్లకి పసుపు, పసుపుకి ఇసక. వెనక బాజాలవాళ్లు విసుక్కుంటున్నారు. సెప్పెయ్యే, ఒక్కసారికి ఏటవ్వదు, గడప దగ్గర సెప్తే దోసం నేదు, అని ఎవరో చెవిలో అన్నారు. చెప్పింది. గొణిగింది, అందరూ వినబళ్లేదన్నారు, మళ్లీ చెప్పించారు. గడప దగ్గర చెబితే దోషం లేదు. లోపలికి వెళ్లడానికి చెప్పే పేరు అది. ముప్పై మూడేళ్లలో ఆ మాట సంగతి మరిచేపోయింది, ఇప్పుడు ఈ బెంచీ మీద, ఉమ్మివేయరాదు కింద, ఎక్కణ్నించి వచ్చిందో తెలీదు.

పెన్ను మూత తీసింది. నాలిక కొస పెదాల మధ్యకి వచ్చింది. కింద గడి. ఎ, దాని వంపు సరిగ్గా రాదు ఎప్పుడూ, ఈసారి ఎందుకో వచ్చింది. తర్వాత ర, దాని కాళ్ల దగ్గర ఇంకో ర, తండ్రి కాళ్ల దగ్గర పిల్లాడు కూచున్నట్టు. తర్వాత న, దాని కింద ఇంకో న. ఇంత చిన్న పేరా. ముప్పై మూడేళ్లు దాచిన పేరు, తీరా రాస్తే మూడే అక్షరాలు, గడిలో సగం ఖాళీ మిగిలిపోయింది. సిరా ఆరే దాకా ఊదింది. పైన గడి అలాగే ఉంచింది. గౌరి చూసింది. పంతులమ్మలాగ తప్పులు వెతకలేదు.

రెండూ పదికి గుమాస్తా వచ్చాడు, పళ్లు కుట్టుకుంటూ, తలుపు తీసి కుర్చీలో కూచుని, రండమ్మా అన్నాడు. ఇద్దరూ లోపలికి వెళ్లి బల్ల ముందున్న కుర్చీల్లో కూచున్నారు. కాయితం అందుకుని, దాని మొహం చూడకుండానే, అలవాటు కొద్దీ అడిగాడు.

"తప్పిపోయిన మనిషి పేరు చెప్పమ్మా."

"రాసినానండి. సదువుకోండి."

గుమాస్తా తలెత్తి ఆమెని చూశాడు, ఆ తర్వాత కాయితం చూశాడు. చూసి, గది మూలదాకా వినబడేలా, ఆఫీసు గొంతుతో, "ఎర్రన్న," అని చదివాడు.

గౌరి లేచి నిలబడింది. తను లేచినట్టు తనకి తెలిసినట్టు లేదు. కొంగు భుజం మీదకి లాక్కుని, తల వంచుకుని, మావగారు గుమ్మంలోకి వచ్చినప్పుడు కోడలు ఎలా నిలబడుతుందో అలా నిలబడింది. మావ ఉన్నప్పుడు ఆమె ఈ ఇంటి కోడలు కాదు, ఇలా నిలబడవలసిన అవసరం ఒక్కసారీ రాలేదు.

"కూచోమ్మా, నిన్ను కాదు పిలిచింది," అన్నాడు గుమాస్తా. గౌరి వెంటనే కూచోలేదు. మరిడమ్మ కూచునే ఉంది. ఒక పరాయి మగాడి నోట ఆ పేరు ఇంత పెద్దగా వినడం ఏడేళ్లలో ఇదే. పంకా తిరుగుతూనే ఉంది, ఏ గింజా ఎక్కడా రాలిన చప్పుడు కాలేదు. రాలవలసినవి ఎప్పుడో రాలిపోయి ఉంటాయి.

"ఇదేంటి, పైది ఖాళీగా వదిలేశావ్? ఇదివరకు ఏ పేరు నమోదైందో రాయాలి."

"పాత కాయితంలో ఉన్నాది. కావాలంటే మీరు సూసి కొట్టీయండి. నా సేత్తో ఇంక రాయను."

గుమాస్తా నకలు విప్పి చదువుకున్నాడు. "నాగబాబు. ఈ నాగబాబు ఎవరు?"

ఆమె జవాబు చెప్పే లోపల గుమ్మంలో వెలుగు తగ్గింది. వాన మొదలైనట్టుంది, నాగబాబు తల తుడుచుకుంటూ, చెప్పులు చేత్తో పట్టుకుని, గడప బయటే ఆగాడు. లోపలికి రావద్దన్న సంగతి గుర్తొచ్చి ఒక కాలు వెనక్కి తీసుకున్నాడు. "అయ్యిందేటమ్మా? వాన దిగిపోతంది."

గుమాస్తా చేతిలో కాయితంతో అటు చూశాడు. "ఎవరయ్యా నువ్వు?"

మరిడమ్మ కుర్చీలోంచి వెనక్కి తిరిగింది.

"పేరు సెప్పి లోపలికి రారా," అంది.